"మన ఊరి పొట్టేలేగా డాక్టరమ్మా!": మాంసంలో మందులు, అపోహలు - వాస్తవాలు

శనివారం సాయంత్రమైతే చాలు, నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అక్కా, రేపు చికెన్ తేవాలా, మటన్ తేవాలా? చికెన్‌కి అన్నీ ఇంజక్షన్లేనంట కదా!" పదిహేనేళ్ళుగా కనిగిరి వైపు పశువుల ఆసుపత్రుల్లో పనిచేస్తున్నాను. ఇలా అడిగేవాళ్ళ మీద నాకు విసుగు లేదు. పిల్లలకి పెట్టే కూర గురించి కాకపోతే ఇంక దేని గురించి అడుగుతారు? కాకపోతే భయపడాల్సిన చోట ధీమాగా ఉండి, ఇంకోచోట భయపడుతున్నారు.

ముందు చికెన్ సంగతి తేల్చేద్దాం. హార్మోన్ ఇంజక్షన్లు పొడిచి కోడిని పెంచుతారన్నది వట్టి పుకారు. పదివేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని రోజూ సూది వేసేవాడెవడు, ఆ కూలి ఎవరిస్తారు? ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతోందంటే, అది తరతరాలుగా ఏరి ఏరి తీసిన జాతి, లెక్కగా కలిపిన దాణా. యాంటీబయాటిక్స్ మాట వేరు. అవి వాడతారు, అవసరం లేనప్పుడు కూడా నీళ్ళలో, దాణాలో కలుపుతారు. మనుషులకి ఏ మందూ పనిచేయనప్పుడు వాడుకుందామని దాచుకున్న కొలిస్టిన్‌ని కోళ్ళకి పోస్తుంటే, 2019 జులైలో కేంద్రం దాన్ని ఆహారం కోసం పెంచే జీవాలన్నిటికీ నిషేధించాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు "ముందుజాగ్రత్తగా కోళ్ళకి ఏం యాంటీబయాటిక్ వేయమంటారు" అని అడిగారు. అది వైరస్. ఏదీ పనిచేయదు.

ఇక అసలు కొంప ముంచే అపోహ: "నాటుది, మన ఊరిది, కళ్ళముందు కోసింది. అందులో మందేముంటుంది?"

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పామూరు వైపు ఒక పల్లెలో మంచి నెల్లూరు పొట్టేలు, గిట్టల మధ్య చీముపట్టి కుంటుతోంది. ఆక్సీటెట్రాసైక్లిన్ లాంగ్ యాక్టింగ్, అంటే ఒంట్లో చాలా రోజులు నిలిచి పనిచేసే యాంటీబయాటిక్ ఇంజక్షన్, తొడలోకి వేసి, చీటీ రాసిచ్చి వచ్చేశాను. తొమ్మిదో రోజు ఆదివారం. అదే ఊళ్ళో గేదె ఈనలేక అవస్థ పడుతోందంటే వెళ్ళాను. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. "అన్నం తిని పోదువుగాని" అని కూర్చోబెట్టారు. రెండు ముక్కలు తిన్నాక, మాటవరసకి ఎక్కడిదని అడిగాను. "మన ఊరి పొట్టేలేగా డాక్టరమ్మా! నువ్వు సూదేసిందే. కాలు నయమైంది, మళ్ళీ కుంటితే ఎవురు కొంటారని పోగులేశాం. కార్జం నీకనే తీసిపెట్టా."

వేపచెట్టు కింద గోనెపట్టా ఇంకా తడిగానే ఉంది. పది పన్నెండు ఇళ్ళకి పోగులు వెళ్ళిపోయాయి. మందు అవశేషాలు ఎక్కువగా ఉండేది కార్జంలో, మూత్రపిండాల్లో, సూది పడ్డ కండలో. ఆయన తప్పేం లేదు. మందు పేరు రాశాను, పూటలు రాశాను, ఎన్నాళ్ళు కోయకూడదో నేను రాయలేదు.

ఆ గడువునే విత్‌డ్రాయల్ పీరియడ్ అంటాం. సీసా మీద ఎన్ని రోజులుంటే అన్ని. అసలు రాసి లేకపోతే, 2012లో తెచ్చిన నిబంధన ప్రకారం పాలకీ గుడ్లకీ కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు. బ్రాయిలరైనా, పొట్టేలైనా అంతే. గడువు దాటిన ఫారం కోడి కంటే, నిన్న సూది పడ్డ నాటు పొట్టేలే ప్రమాదం.

దీనికంటే ఘోరం, సూదులు వేసినా తేరుకోని జీవాన్ని "రాత్రికి పోయేట్టుంది, డబ్బులన్నా వస్తాయి" అని కోసేయడం. రైతు బాధ నాకు తెలుసు. అయినా వద్దు. ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారిందంటే అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు, కత్తి పెట్టడమే ప్రాణాంతకం.

నాటుకోడి కథా ఇంతే. కొక్కెర రోగం రాగానే మందుల షాపులో మనుషుల క్యాప్సూల్ కొని, విప్పి నూకల్లో కలుపుతారు. అదీ వైరసే, టీకా తప్ప దారి లేదు. తూలుతున్న కోడి సాయంత్రానికి పులుసవుతుంది.

"బాగా ఉడికిస్తే పోతుంది కదా?" పోయేది బ్యాక్టీరియా. మందుల్లో చాలావరకు ఉడకబెట్టినా పూర్తిగా పోవు. పసుపు, ఉప్పు, నిమ్మరసం పెట్టి కడిగినా అంతే. పైగా కుళాయి కింద చికెన్ కడిగితే, మందులకి లొంగని సూక్ష్మజీవి ఉంటే పక్కనున్న టమాటాల మీదికి చిమ్ముతుంది. పచ్చిమాంసం కోసిన పీట మీదే కూరగాయలు కోయకండి చాలు.

పాలు కూడా. పొదుగువాపుకి ట్యూబు ఎక్కించిన గేదె పాలు గడువు లోపల పాలకేంద్రానికి పోస్తే, ఎవరింట్లోనో పెరుగు తోడుకోదు. తోడు బ్యాక్టీరియాని ఆ మందు చంపేస్తుంది మరి. పాపం ఇల్లాలు తోడు మంచిది కాదనుకుంటుంది.

కొనేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. కబేళాలో పరీక్ష చేసి ముద్ర వేసిన మాంసం మేలే, రోగమున్న జీవం అక్కడ చాలావరకు ఆగిపోతుంది. అవశేషాలు మాత్రం కంటికి కనపడవు. అందుకని రోజూ కొనే మనిషినే పట్టుకుని "దీనికి ఈ నెల్లో సూదేమన్నా పడిందా" అని అడగండి. బుధవారం పూట ఊళ్ళో పోగు సగం ధరకొచ్చిందంటే ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఇంతకుముందు తిన్నదాని గురించి బెంగ పెట్టుకోకండి, ఒక పూట కూరతో ఏమీ అయిపోదు. పెన్సిలిన్ పడనివాళ్ళు మాత్రం జాగ్రత్త.

ఇప్పుడు నా చీటీలో మందు పేరు కింద "ఈ తేదీ దాకా కోయొద్దు" అని ఎర్రసిరాతో రాస్తాను. కొమ్ముకి రంగు కూడా పూయిస్తాను. పోయిన డిసెంబరు ఆఖర్లో ఆ పామూరు పెద్దాయనే ఫోన్ చేశాడు, ఇంకో పొట్టేలుకి దగ్గు. సూది రాస్తానన్నాను. అవతల వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం వినబడుతోంది. "అయితే ఇది కనుమకి కాదులే డాక్టరమ్మా, తిరణాలకి చూద్దాం. నువ్వైతే సూది ఎయ్."