పొగాకులో పాస్టరు జీతం

18వ శతాబ్దంలో అమెరికాలోని బ్రిటిష్ వలస వర్జీనియాలో పాస్టరు జీతాన్ని పొగాకు లెక్కన కట్టేవారు. ఏడాదికి 16,000 పౌండ్లు, అంటే మన లెక్కలో దాదాపు 7,250 కిలోలు. ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు చర్చి, అక్కడ ప్రభుత్వ చర్చి. ఆ గడప తొక్కని ప్రెస్బిటీరియన్లు, బాప్టిస్టులు వంటి వేరే క్రైస్తవ శాఖలవాళ్లు కూడా దాని పాస్టరుకు పన్ను కట్టాల్సిందే.

నాణేలకు కరువైన ఆ సీమలో పొగాకే డబ్బు. (మన ప్రకాశం జిల్లా రైతులు వేసే వర్జీనియా పొగాకుకు ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే.) 1730 చట్టం వచ్చాక ఆకును పీపాల్లో కుక్కి ప్రభుత్వ గిడ్డంగికి తోలేవారు. తనిఖీదారు పీపా విప్పించి చూసి, పనికిరాని ఆకును తగలబెట్టించి, మిగతాదానికి చీటీ రాసిచ్చేవాడు. అప్పులకూ పన్నులకూ ఆ చీటీయే చెల్లేది.

అలాంటి చోట వాన మొహం చాటేస్తే దెబ్బ పొలంతో ఆగదు. 1758లో పంట దెబ్బతిని, పౌండు రెండు పెన్నీలు పలికే ఆకు ఆరు పెన్నీల దాకా ఎగబాకింది. అదే బరువు ఇవ్వాలంటే పన్ను మూడింతలైనట్టే. శాసనసభ వెంటనే పౌండుకు రెండు పెన్నీల చొప్పున నగదు కడితే చాలంటూ చట్టం చేసింది. పాస్టర్లు లండన్‌కు మొరపెట్టుకున్నారు. 1759లో రాజు ఆ చట్టాన్ని కొట్టేశాడు.

జేమ్స్ మౌరీ అనే పాస్టరు తనకు తగ్గిన జీతం బకాయి కోసం వర్జీనియాలోని హానోవర్ కోర్టుకెక్కాడు. న్యాయంగా చూస్తే ఆయన వాదన బలమైనదే. ధర పడిపోయిన ఏళ్లలో నష్టం పాస్టర్లే భరించారు కదా. 1763 డిసెంబరులో ఎదుటి పక్షాన 27 ఏళ్ల లాయరు పాట్రిక్ హెన్రీ నిలబడ్డాడు. జడ్జి స్థానంలో ఉన్నది హెన్రీ తండ్రే. ప్రజలకు మేలు చేసే చట్టాన్ని కొట్టేసే రాజు నిరంకుశుడవుతాడని, అలాంటివాడికి జనం విధేయంగా ఉండనక్కర్లేదని హెన్రీ అన్నాడు. కొందరు రాజద్రోహమని అరిచారు. జ్యూరీ మౌరీకి ఒక్క పెన్నీ ఇప్పించింది.

ఈ కథను అమెరికా స్వేచ్ఛా పోరాటానికి నాందిగా చెప్పుకుంటారు. నన్ను కలచివేసేది వేరే ఉంది. ఆ పొగాకు మడుల్లో నారు పోసి, మొక్కల తలలు తుంచి, పురుగులు ఏరినవాళ్లలో ఎక్కువమంది బానిసలుగా బతుకుతున్న ఆఫ్రికన్లు. పాస్టరుకు ఎంత, రైతుకు ఎంత అని వాదన సాగిన ఆ కోర్టులో వాళ్ల వాటా మాటే రాలేదు. 1786లో వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం చేసి, ఎవరూ ఏ చర్చినీ బలవంతంగా పోషించనక్కర్లేదంది. బానిసత్వం మాత్రం 1865 దాకా పోలేదు.