నోటిఫికేషన్ కంటే ముందే మోగే శంఖం

2024 మార్చి 10న బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర వైఎస్సార్ కాంగ్రెస్ నాలుగో 'సిద్ధం' సభ జరిగింది. ఆరు రోజుల తర్వాత, 16న, ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించింది. ఆ మర్నాడే చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి 'ప్రజాగళం' సభ పెట్టాయి. నామినేషన్లు మొదలైంది ఏప్రిల్ 18న, పోలింగ్ మే 13న. అంటే ఏ అభ్యర్థి పేరు మీదా రూపాయి ఖర్చు రాయకముందే రెండు పక్షాల పెద్ద సభలూ అయిపోయాయి.

ఇది యాదృచ్ఛికం కాదు. ఎన్నికల శంఖారావం అని మనం పిలుచుకునే సభ తేదీని పంచాంగం చూసి పెట్టారని బయటికి చెబుతారు. లోపల మాత్రం పార్టీ ఆఫీసులో లెక్కలు చూసే మనిషి మాట కూడా అంతే గట్టిగా చెల్లుతుంది.

కథ 1974లో మొదలవుతుంది. కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఓ మాట అంది: అభ్యర్థికి తెలిసి, అతని గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖాతాలోకే వస్తుంది. ఆ తీర్పు అలాగే నిలిచి ఉంటే పార్టీ డబ్బుతో పెట్టే భారీ సభలకు అప్పుడే కళ్లెం పడేది. కొద్ది రోజుల్లోనే కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చింది. పార్టీ పెట్టే ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదని ఆ వివరణ సారాంశం. దాదాపు మూడు దశాబ్దాలు అదే నడిచింది. 2003 సవరణతో ఆ మినహాయింపును బాగా కుదించారు. ఇప్పుడు స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు ఒక్కటే మినహాయింపు. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీకి 20 మంది. ఆ పేర్ల జాబితాను నోటిఫికేషన్ వచ్చిన వారంలోపు ఇచ్చుకోవాలి.

ప్రయాణం పోను మిగతాదంతా లెక్కలోకి వస్తుంది. నామినేషన్ తర్వాత పెద్ద నాయకుడి సభలో అభ్యర్థి వేదిక ఎక్కినా, నాయకుడు అతని పేరు పలికినా, బ్యానర్ మీద ఫొటో ఉన్నా, టెంటు, కుర్చీ, మైకు ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడుతుంది. నలుగురు అభ్యర్థులుంటే నాలుగు వాటాలు. అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఇవి 2022 జనవరి నుంచి మన రాష్ట్రాల్లో అమల్లో ఉన్న అంకెలు. ఒక మోస్తరు బహిరంగ సభతోనే ఎమ్మెల్యే అభ్యర్థి పరిమితిలో పెద్ద ముక్క కరిగిపోతుంది.

అయితే ఈ లెక్క నామినేషన్ వేసిన రోజు నుంచే. పార్టీ ఖర్చుకు పరిమితే లేదు, లెక్క చూపితే చాలు. అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఆ పద్దు కూడా ఎన్నికల ప్రకటన నాటి నుంచే మొదలవుతుంది. అంతకుముందు పెట్టిన సభ ఖర్చు ఏడాది చివర ఆడిట్‌లో కలిసిపోతుంది. శంఖం ముందే ఎందుకు మోగుతుందన్నదానికి సగం కారణం ఇదే.

మిగతా సగం 1996 సవరణ. నామినేషన్ల ఉపసంహరణ గడువుకూ పోలింగ్‌కూ మధ్య ఉండాల్సిన కనీస వ్యవధిని 20 రోజుల నుంచి 14కి తగ్గించారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా అంతే దొరికింది: ఏప్రిల్ 29న ఉపసంహరణ, మే 13న పోలింగ్. అందులో చివరి 48 గంటలు మౌనం. 175 నియోజకవర్గాలు పన్నెండు రోజుల్లో తిరగాలంటే హెలికాప్టర్‌లో రోజుకు మూడు నాలుగు సభలు చేసినా మూడో వంతు కూడా పూర్తి కాదు. కాబట్టి కార్యకర్తను లేపే పని అంతకు ముందే అయిపోవాలి.

కార్యకర్తను అన్నది ఊరికే వాడిన మాట కాదు. ఈ సభలు ఓటరు కోసం పెడతారన్న అపోహ ఉంది. తటస్థ ఓటరు యాభై కిలోమీటర్లు బస్సులో వచ్చి ఎండలో కూర్చోడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే ఏ గుర్తుకు వేయాలో తేల్చుకున్నవాళ్లు, లేదా ఆ రోజు కూలికి వచ్చినవాళ్లు. సభ అసలు పని మూడు రకాలు. మన పార్టీ గెలిచేట్టుందని ఊళ్లో కార్యకర్తకు నమ్మకం కలిగించడం ఒకటి. ఏ మండల నాయకుడి వెనక ఎందరున్నారో పైవాళ్లు కొలుచుకోవడం రెండోది. టికెట్ ఆశించేవాళ్ల చేత ఖర్చు పెట్టించడం మూడోది.

మొదటి నుంచీ ఇలాగే లేదు. 1952 తొలి ఎన్నికల నాటికి తెలుగు నేల మీద జనాన్ని పోగుచేసింది పాట, బుర్రకథ. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో గెలిచిన ఎన్నికలవి. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించినప్పుడు ఆయనకు బూత్ కమిటీలు లేవు, అనుభవమున్న మండల నాయకులు లేరు, అసలు మండలాలే లేవు. అందుకని జనాన్ని సభకు తెచ్చే బదులు సభనే జనం దగ్గరికి తీసుకెళ్లారు. పాత షెవ్రోలె వ్యానును మార్పించి చైతన్యరథం చేశారు. స్టీరింగ్ దగ్గర హరికృష్ణ, పైన ఖాకీ బట్టల్లో ఎన్టీఆర్. ఊరి బయట రోడ్డు పక్క రాత్రంతా కాచుకున్న జనానికి బస్సు కూపన్ ఎవరూ ఇవ్వలేదు. 1983 జనవరి 5న పోలింగ్ జరిగితే 294 సీట్లలో 200కు పైగా వచ్చాయి. ఆ తర్వాత వ్యాను టాపు మీంచి మాట్లాడని పార్టీ లేదు. కానీ ఆ తొమ్మిది నెలలు మళ్లీ ఎవరికీ కుదరలేదు.

2001లో కొత్త పార్టీ పద్ధతి ఇంకోలా ఉంది. ఏప్రిల్ 27న హైదరాబాద్ జలదృశ్యంలో టీఆర్‌ఎస్ పుట్టింది. మూడు వారాలకే, మే 17న, కరీంనగర్‌లో సింహగర్జన. అది ఎన్నికల సభ కాదు గానీ, ఒక్క చోట బలం చూపించి మిగతా జిల్లాలను కదిలించే నమూనా అక్కడే స్థిరపడింది. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో బయలుదేరి జూన్ 15న ఇచ్ఛాపురం చేరిన రాజశేఖరరెడ్డి నడక మరో దారి చూపించింది. పాదయాత్రలో రోజూ ఒక చిన్న సభ ఉంటుంది, స్థానిక నాయకుడి సత్తా ఆ ఒక్క రోజే బయటపడుతుంది, ఖర్చు నెలల మీద పరుచుకుంటుంది. ఎన్నికలకు ఏడాది ముందు కాబట్టి ఏ ఎన్నికల కోడూ అడ్డు రాదు. 2012లో హిందూపురం నుంచి చంద్రబాబు, 2017లో ఇడుపులపాయ నుంచి జగన్, 2023లో కుప్పం నుంచి లోకేశ్ బయలుదేరింది ఈ లెక్క తెలిసే.

2018లో కేసీఆర్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. సెప్టెంబర్ 2న కొంగరకలాన్‌లో ప్రగతి నివేదన సభ, 6న అసెంబ్లీ రద్దు, అదే రోజు 105 మంది అభ్యర్థుల జాబితా, 7న హుస్నాబాద్‌లో తొలి ప్రచార సభ. షెడ్యూలు వచ్చింది అక్టోబర్ 6న. రద్దు అయిన క్షణం నుంచే కోడ్ వర్తిస్తుందని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబర్ ఆఖర్లో చెప్పాల్సి వచ్చింది కూడా ఇందుకే. 88 సీట్లు వచ్చాయి. 2023 అక్టోబర్ 15న సెంటిమెంటు కొద్దీ మళ్లీ హుస్నాబాద్ నుంచే మొదలుపెట్టారు. ఈసారి 39 వచ్చాయి, హుస్నాబాద్ సీటూ పోయింది. సిద్ధం సభల ఫొటోలు దేశమంతా చూసింది. 2024 ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కింది 175లో 11. మైదానం నిండితే ఓటు పడుతుందన్న సూత్రాన్ని ఇంకా నమ్మేవాళ్లుంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇక జన సమీకరణ ఎలా జరుగుతుందో చూద్దాం. సభ తేదీకి పది, పదిహేను రోజుల ముందు నియోజకవర్గాలవారీగా టార్గెట్ వేస్తారు. దగ్గర్లోవాళ్లకు ఎక్కువ, దూరంవాళ్లకు తక్కువ. నియోజకవర్గ ఇన్‌ఛార్జి దాన్ని మండలాలకు, మండలం పంచాయతీలకు పంచుతుంది. బస్సుకు 50 మంది లెక్క. లక్ష మందికి 2,000 బస్సులు. బస్సుకు 15 మీటర్ల రోడ్డు అనుకుంటే ఒకే వరుసలో 30 కిలోమీటర్లు. నిలపడానికి ఎకరానికి నలభై చొప్పున 50 ఎకరాలు, అదీ గట్టి నేల. ముందురోజు వాన పడితే నల్లరేగడిలో దిగిన బస్సును ట్రాక్టరు కట్టి లాగాలి.

'పది లక్షల మంది వచ్చారు' అన్న ప్రకటన చూసినప్పుడు ఇదే లెక్క తిరగేసి చూడండి. ఇరవై వేల బస్సులు కావాలి. రెండు రాష్ట్రాల ఆర్టీసీల బస్సులన్నీ కలిపినా ఆ దరిదాపే. ఆటోలు, డీసీఎంలు, సొంత కార్లు కలుపుకున్నా ప్రకటనకూ వాస్తవానికీ మధ్య చాలా దూరం మిగులుతుంది. నేల కొలతా అంతే. ఎకరం 43,560 చదరపు అడుగులు. కుర్చీ, కాళ్లు చాపుకునే జాగా కలిపి మనిషికి అయిదు చదరపు అడుగులు. నడవలు, బారికేడ్లు, మీడియా గ్యాలరీ, వేదిక ముందు భద్రత కోసం ఖాళీగా వదిలే డీ-జోన్ తీసేస్తే ఎకరానికి ఆరేడు వేల కుర్చీలు. నిలబడితే పదిహేను వేలు. మనిషికి రెండు చదరపు అడుగులకు తగ్గిందంటే అది సభ కాదు, ప్రమాదం.

సభలు చెడేది ఎక్కువగా సమయం దగ్గర. మధ్యాహ్నం మూడింటికి సభ అంటే ఊళ్లో బస్సు పదకొండుకే కదలాలి. ఎక్కగానే పులిహోర పొట్లం, నీళ్ల సీసా, మజ్జిగ ప్యాకెట్ ఇచ్చేస్తారు. నాయకుడు ఆరింటికి వస్తే, ఆ పొట్లం అరిగి మూడు గంటలవుతుంది. ఆడవాళ్లకు మరుగుదొడ్లు చాలవు, పిల్లలు ఏడుస్తారు, చీకటి పడకముందే వెళ్లాలని డ్రైవర్ ఫోన్లు చేస్తాడు. నాయకుడు ముఖ్యమైన మాట అందుకునే సమయానికి వెనక వరసలు లేస్తాయి. ముందు వరసలు నిండి వెనక ఖాళీ అయిన దృశ్యం ఎదుటి పార్టీ డ్రోన్‌కు చిక్కుతుంది. అనుభవమున్నవాళ్లు భోజనాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచి, వచ్చేటప్పుడు మజ్జిగతో సరిపెడతారు.

మైకు రెండో గండం. బొప్పూడిలో ప్రధాని మాట్లాడుతుండగా మైకు పలుమార్లు మొరాయించింది. లైట్ టవర్లు ఎక్కిన కుర్రాళ్లను దిగమని అంతకుముందు ఆయనే లేచి చెప్పాల్సి వచ్చింది. సౌండ్ కన్సోల్‌ను, జనరేటర్‌ను జనం మధ్యలో పెట్టి చుట్టూ సరైన బారికేడ్ కట్టకపోతే తోపులాటలో ముందు తెగేది కేబులే.

జనం తక్కువొస్తారన్న భయంతో ఇరుకు చోటును ఎంచుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. సన్నటి కూడలిలో అయిదు వేల మంది కెమెరాకు యాభై వేలలా కనిపిస్తారు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఎన్టీఆర్ కూడలి దగ్గర జరిగిన చంద్రబాబు రోడ్‌షోలో తోపులాట మొదలై, పక్కనున్న కాల్వలో జనం పడిపోయారు. ఎనిమిది మంది చనిపోయారు. 2023 జనవరి 2న అప్పటి ప్రభుత్వం రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ జీవో 1 తెచ్చింది. దానికి ఆధారంగా చూపించింది 1861 నాటి పోలీసు చట్టం. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రతిపక్షాన్ని ఆపడానికే తెచ్చారన్న విమర్శలో పస ఉంది, ఇరుకు రోడ్డు మీద సభ వద్దన్న మాటలోనూ పస ఉంది. రెండో దాని మీద చర్చ జరగకుండానే జీవో పోయింది. 2025 సెప్టెంబర్ 27న తమిళనాడులోని కరూర్‌లో సినీ నటుడు విజయ్ పార్టీ ప్రచార సభలో 41 మంది చనిపోయారు. అక్కడా గంటల తరబడి ఎదురుచూపు, చోటుకు మించిన జనమే.

కోడ్ వచ్చాక అనుమతి పద్ధతి వేరు. ఎన్నికల సంఘం వారి సువిధ పోర్టల్‌లో కనీసం 48 గంటల ముందు దరఖాస్తు చేయాలి, మైదానం ముందు అడిగినవారికి ముందు. రాత్రి పది దాటితే మైకు కట్టేయాలి. వీడియో బృందం కుర్చీలు, ఫ్లెక్సీలు, వాహనాలు చిత్రీకరిస్తుంది. జిల్లా ఎన్నికల అధికారి ముందే ప్రకటించిన ధరల పట్టికతో హెచ్చవేసి, అధికారులు విడిగా ఉంచే నీడ రిజిస్టర్‌లో రాస్తారు. అభ్యర్థి చూపిన లెక్క దానితో తేడా వస్తే నోటీసు. కుర్చీ మీద పార్టీ కండువా వేసి ఉంచితే అదీ ఒక ఐటమే.

అందుకే నోటిఫికేషన్ తర్వాత బలం బూత్ వైపు మళ్లుతుంది. ఆ బూత్ బలాన్నీ ముందే సిద్ధం చేసుకుంటారు: 2019 ఫిబ్రవరి 6న తిరుపతిలో జగన్ మొదలుపెట్టిన 'సమర శంఖారావం' బూత్ కమిటీ సభ్యుల కోసం పెట్టింది. బీజేపీ ఓటరు జాబితాలో పేజీకొకరిని పెడుతుంది, తెలుగుదేశం ముప్పై ఇళ్లకొకరిని, వైఎస్సార్ కాంగ్రెస్ యాభై ఇళ్లకిద్దరు గృహసారథులను పెట్టింది.

సభ అయ్యాక మిగిలేది బాకీ. బస్సులో జనం ఎక్కిన ఫొటో మండలం వాట్సాప్ గ్రూపులో పెడితేనే డీజిల్ కూపన్ అని ముందు చెబుతారు. కూపన్ బంకులో చెల్లాలంటే నాయకుడు ముందుగా డబ్బు కట్టి ఉండాలి. షెడ్యూలుకు ముందు పెట్టిన సభల్లో ఆ నాయకుడు తరచూ టికెట్ ఆశించే మనిషే. నెల తిరక్కుండా, ఈయనే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే బీ-ఫారం వేరొకరి చేతికి వెళితే ఆటోలవాళ్లు, టెంట్ హౌస్ యజమాని ఇద్దరి ఇళ్ల చుట్టూ తిరుగుతారు. ఒకాయన 'నాకు టికెట్ రాలేదు' అంటాడు, ఇంకొకాయన 'ఆ సభ నేను పెట్టింది కాదు' అంటాడు.