రోడ్డును అడ్డంగా కోసి చూస్తే

ప్రియమైన పిల్లలకు,

రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్లాన్ మీద, అంటే పైనుంచి చూసినట్టు గీసే పటం మీద, గీసిన నీటి పైపు క్రాస్ సెక్షన్‌లో ఎందుకు కనబడదని మీలో ఒకరు అడిగారు. ఆ గీతకు లోతు లేదు కాబట్టి అని ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ ఆ లోతు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకుండా బటన్లు మాత్రం నేర్చుకుంటే, రేపు మీ బొమ్మను నమ్మి గునపం దించినవాడి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

క్రాస్ సెక్షన్ అంటే రోడ్డు మధ్యగీతకు లంబంగా, ప్రతి 10 లేదా 20 మీటర్లకు ఒకచోట, నేలను నిలువునా కోసినట్టు ఊహించి గీసే బొమ్మ. పైన తారు, దాని కింద కంకర పొరలు, అంచున కాలువ, పేవ్‌మెంటు. వాటి అడుగున మంచినీటి పైపు, మురుగు పైపు, కరెంటు కేబుల్, ఫైబర్ కేబుల్, కొన్ని వీధుల్లో గ్యాస్ పైపు కూడా ఉంటాయి. పాత రోడ్డును వెడల్పు చేసేటప్పుడు అసలు చిక్కంతా ఈ అడుగున ఉన్నవాటితోనే.

ఆయా శాఖలు మనకిచ్చే మ్యాపుల్లో పైపు సాధారణంగా ఒక చదును గీత. ఎటు పోతుందో చెబుతుంది, ఎంత లోతున పోతుందో చెప్పదు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంటే ఎత్తు సున్నా అని రాసుకుని కూర్చుంటుంది. సున్నా అంటే సముద్ర మట్టం. హైదరాబాద్ నేల సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. అంటే మీ వీధి నీటి పైపు రోడ్డుకు అర కిలోమీటరు అడుగున పడి ఉందన్నమాట! సెక్షన్‌లో కనబడమంటే ఎలా కనబడుతుంది? విజయవాడలో అదే గీత ఓ 20 మీటర్ల కింద తేలుతుంది. పొరపాటు ఒకటే, కానీ అక్కడ చూపు ఆనే దూరంలో ఉంటుంది కాబట్టి ఇంకా ప్రమాదం.

కాబట్టి ముందు ఆ గీతను నిజమైన పైపుగా మార్చాలి. మీరు వాడే రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ సివిల్ త్రీడీలో మురుగు పైపులకు పైప్ నెట్‌వర్క్, ఒత్తిడితో నీరు పారే పైపులకు ప్రెషర్ నెట్‌వర్క్ అని వేర్వేరుగా ఉంటాయి. వ్యాసం, గోడ మందం, రెండు చివర్ల లెవల్, అంటే సముద్ర మట్టం నుంచి ఎత్తు, ఇవ్వాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. మురుగు పైపుకు ఇచ్చే ఇన్వర్ట్ లెవల్ పైపు లోపలి అడుగుది. నీటి పైపు వాళ్లు "మీటరు లోతు" అంటే సాధారణంగా పైపు నెత్తి మీద ఉన్న మట్టి మందం. ఒకదాన్ని మరొకటిగా ఎక్కిస్తే 600 మిల్లీమీటర్ల పైపు తన వ్యాసమంత పైకో కిందికో జరిగిపోతుంది. అది జరిగినట్టు తెరమీద ఎవరికీ తెలియదు.

సెక్షన్లు కోసే శాంపిల్ లైన్లను ముందే గీసి, పైపులను తరువాత తయారుచేస్తే అవి వాటంతట అవి రావు. శాంపిల్ లైన్ల గుంపులోకి వెళ్లి ఈ నెట్‌వర్క్‌ను కూడా కోయమని చెప్పాలి. లైను వెడల్పు మధ్యగీతకు అటూ ఇటూ 10 మీటర్లే ఉండి, పైపు 12 మీటర్ల దూరంలో ఉంటే అప్పుడూ రాదు. ఈ రెండూ చూసుకుంటే చాలావరకు పైపు ప్రత్యక్షమవుతుంది.

వచ్చాక గుండ్రంగా లేదేమని కంగారు పడకండి. దొండకాయను అడ్డంగా కోస్తే గుండ్రని చక్రం, ఏటవాలుగా కోస్తే కోలగా వస్తుంది కదా. సెక్షన్ గీతను 45 డిగ్రీల వాలుగా దాటే 300 మిల్లీమీటర్ల పైపు 424 మిల్లీమీటర్ల వెడల్పుతో కనబడుతుంది. అది తప్పు కాదు. ఇంకొక కారణం కూడా ఉంది. చిన్న ఎత్తు తేడాలు తెలియాలని సెక్షన్‌లో నిలువు కొలతను సాగదీసి గీస్తుంటాం. అయిదింతలు సాగదీస్తే గుండ్రని పైపు నిలువుగా కోడిగుడ్డులా నిలబడుతుంది. అలాంటి షీటు మీద స్కేలు పెట్టి కొలవకూడదు. అందుకే పైపు పక్కన వ్యాసం, లెవల్, మధ్యగీత నుంచి దూరం అంకెల్లో రాసి తీరాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది రెండు సెక్షన్ల మధ్య దాక్కునే పైపు. 220 మీటర్ల చైనేజీ దగ్గర, అంటే రోడ్డు మొదలు నుంచి 220 మీటర్ల దూరంలో, ఒక సెక్షన్, 240 దగ్గర మరొకటి ఉన్నాయనుకోండి. 231 దగ్గర రోడ్డును అడ్డంగా దాటే పైపు రెండింటిలోనూ ఉండదు. షీట్లన్నీ శుభ్రంగా కనబడతాయి, పొక్లెయిన్ మాత్రం సరిగ్గా అక్కడే తగులుతుంది. పైపు దాటే ప్రతిచోటా ఒక శాంపిల్ లైను అదనంగా వేయండి. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ లోతు ఎవరు చెప్పారు? అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం 2002లో ఒక ప్రమాణం తెచ్చి, 2022లో సవరించింది. అందులో భూగర్భ సమాచారానికి నాలుగు తరగతులున్నాయి. పాత రికార్డుల్లో ఉన్నది డి. మ్యాన్‌హోల్ మూతలు, వాల్వ్ ఛాంబర్ల వంటి పైకి కనబడేవాటిని సర్వే చేసి రికార్డులతో పోల్చుకున్నది సి. పరికరాలతో నేల మీది నుంచి వెతికి పట్టుకున్నది బి. గుంత తవ్వి పైపును కళ్లతో చూసి కొలిచింది 'ఏ'. లోతును నిజంగా నమ్మగలిగేది 'ఏ' తరగతి ఒక్కటే. నేలలోకి తరంగాలు పంపే రాడార్ చాలాచోట్ల బాగా పనిచేస్తుంది గానీ, తేమ పట్టిన నల్లరేగడి లాంటి బంకమట్టిలో ఆ తరంగాలు లోతుకు పోవు.

సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడా తెలియదు. ఊహించి వేసిన లోతునూ, గుంత తవ్వి కొలిచిన లోతునూ ఒకే నల్లని గీతతో అంతే అందంగా గీస్తుంది. తేడా చూపించాల్సింది మీరే. కొలిచిన పైపుకు నిండు గీత, రికార్డు నుంచి తెచ్చినదానికి తెగిన గీత, పక్కన తరగతి అక్షరం. సాఫ్ట్‌వేర్‌లో గీతల రూపాన్ని నిర్ణయించే స్టైళ్లలో ఒకసారి అమర్చుకుంటే ప్రతి సెక్షన్‌కూ వచ్చేస్తాయి.

బెల్జియంలో గిస్లాంగియన్ అనే చోట 2004 జులై 30న భూగర్భ గ్యాస్ పైపు పేలి 24 మంది చనిపోయారు. నిర్మాణ పనుల్లో ఒక యంత్రం అంతకుముందే ఆ పైపును గీరింది. చనిపోయినవాళ్లలో గ్యాస్ లీకవుతోందని తెలిసి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. మన దేశంలో తవ్వే ముందు సంబంధిత సంస్థలకు తెలియజేయడానికి 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను 2023 మార్చి 22న ప్రధాని ప్రారంభించారు. డిజైన్ చేసేవాళ్లు పైపు ఉందని సెక్షన్‌లో చూపించి ఉంటే, ఆ కబురు ఎవరికి పంపాలో కాంట్రాక్టరుకు తెలుస్తుంది.

మీరు పంపిన ఫైలులో కొత్త వాననీటి కాలువ అడుగు, తెగిన గీతతో చూపాల్సిన మురుగు పైపుకు ఒక జానెడు పైన ఉంది. కాలువ లెవల్ మార్చే ముందు అక్కడ ఒక ట్రయల్ పిట్, అంటే పైపును చూసి కొలిచే పరీక్ష గుంత, తవ్వించమని మీ గైడ్‌ను అడగండి. కొలత వచ్చాక ఫైలు మళ్లీ పంపండి, కలిసి చూద్దాం.

ప్రేమతో,
మీ పెదనాన్న