పుంజు రాని పొద్దు

చిన్నప్పుడు బడిలో పలక మీద బలపం కీచుమంటే పళ్లు జివ్వుమనేవి. ఇంచుమించు అలాంటి గీకుడుతోనే ఓ మగపక్షిని బోల్తా కొట్టించొచ్చని అమెరికాలోని మిస్సోరీ వచ్చాకే తెలిసింది. అరచేతిలో పట్టే గుండ్రటి రాతిపలక, దాని మీద గీకడానికి ఓ చెక్కపుల్ల. మా పక్కింటి పెద్దాయన పుల్లను అలా తిప్పగానే అడవి టర్కీ కోడి పెట్ట పిలుపు వచ్చేసింది. ఏప్రిల్ చివర, ఓజార్క్ కొండలు, ఇంకా తెల్లవారలేదు. తుపాకీ ఆయనది, లైసెన్సూ ఆయనదే. నా పని కదలకుండా కూర్చోవడం.

అది అనుకున్నంత తేలిక కాదు. టర్కీకి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు 270 డిగ్రీల మేర చూస్తుంది. మెడ కాస్త తిప్పిందా, ఇక దాక్కునే చోటే లేదు. రంగుల్ని పట్టే కణాలు మన కంట్లో మూడు రకాలైతే దాని కంట్లో నాలుగు. అందుకే ఆకుల మచ్చల బట్టలు, మొహానికి ముసుగు. ఎరుపు, తెలుపు, నీలం మాత్రం చేతిరుమాలు కూడా పనికిరాదు. వసంతంలో పుంజు తల ఆ మూడు రంగుల్లోనే మెరుస్తుంది. పొదల్లో అవి కదిలితే ఇంకో వేటగాడు మనల్నే పుంజనుకోవచ్చు.

ఐదున్నర దాటాక ఎక్కడో గుడ్లగూబ కూసింది. వెంటనే వాలులోని ఓక్ చెట్టు మీంచి గడగడమంటూ అరుపు. టర్కీలు రాత్రిపూట చెట్లెక్కి పడుకుంటాయి. ఈ కాలంలో పుంజు గుడ్లగూబకీ, కాకికీ, ఒక్కోసారి ఉరుముకీ కూడా బదులు పలుకుతుంది. పెద్దాయన పలక గీకాడు. మళ్లీ గడగడ. ఇక వచ్చేసినట్టే అనుకున్నాను.

చెట్టు దిగింది. వంద గజాల అవతల ఆగిపోయింది. గుండు నమ్మకంగా తగిలేది 40 గజాల లోపే. చెట్ల సందులోంచి కనిపించింది: తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, ముక్కు మీది కండ బుల్లి తొండంలా వేలాడుతూ. అడుగు ముందుకెయ్యదు. నాకు ఒళ్లు మండింది గానీ దాని తప్పేం లేదు. వాటి లోకంలో పుంజు నిలబడి అరుస్తుంది, పెట్ట వెతుక్కుంటూ వస్తుంది. మేం పలక గీకి అడుగుతున్నది దానికి పూర్తిగా ఎదురు. ఎంత అరిచినా పెట్ట రాదేమని అదక్కడ, ఎంత పిలిచినా పుంజు రాదేమని మేమిక్కడ. చివరికి అసలు పెట్టలే రెండొచ్చాయి. కథ కంచికి.

దాని పక్కన ఇంకో పుంజు కూడా తోక విప్పి ఆడింది. పోటీదారు అనుకున్నాను, కాదట. అలన్ క్రాకౌర్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియాలో ఇలాంటి జోడీల డీఎన్ఏ పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించాడు. రెండోది తోటిపెళ్లికొడుకు లాంటిది. దానికి పిల్లలు పుట్టరు. కానీ ఇద్దరూ దగ్గరి రక్తం. తోడున్న పుంజుకి ఒంటరి పుంజుకంటే ఎక్కువ పిల్లలు పుడతాయి గనక, తోడు నిలిచినదాని వంశమూ కొంత నిలుస్తుంది.

పొద్దెక్కాక పెట్టలు గూళ్లకు పోతే పుంజు ఒంటరిదవుతుందని పెద్దాయన ఆశ. పెట్ట రోజుకొకటి చొప్పున పదో పన్నెండో గుడ్లు పెట్టి, 28 రోజులు పొదుగుతుంది. పొదగడానికి కూర్చునేదాకా గూటి దగ్గర ఉండేది కాసేపే. మేం కొన్ని రోజులు ముందొచ్చినట్టున్నాం.

అసలు ఈ అడవిలో పుంజు అరుపు వినబడడమే గొప్ప. అడవుల నరికివేతతో, అదుపులేని వేటతో 20వ శతాబ్దం మొదటికి ఈ పక్షి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. ఫారాల్లో పెంచి వదిలినవి బతకలేదు. 1950ల నుంచి గింజలు చల్లి, ఫిరంగితో వల విసిరి, అడవి పక్షుల్నే పట్టి కొత్తచోట వదిలాక నిలదొక్కుకుంది. మిస్సోరీలో వసంత వేట మళ్లీ మొదలైంది 1960లో.

ఒంటిగంటకు వేట ఆపేశాం. వట్టి చేతులతో తిరిగొస్తుంటే బురద దారిలో, పొద్దున పడిన మా బూటు గుర్తుల మీదే మూడు వేళ్ల అడుగులు. పెద్దాయన వంగి పక్కనున్న రెట్ట చూపించాడు. పెట్టదైతే చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఇది కొక్కెంలా వంగి ఉంది, పుంజుది. అడుగుల వెంట వెనక్కి నడిచాం. మేం ఆనుకుని కూర్చున్న చెట్టుకు పాతిక గజాల దాకా వచ్చి పక్కకు తిరిగాయి. మా వీపు వైపు నుంచి.