చెప్పులు 19 జతలు, పేర్లు 23

తిరుపతిలో నేను పనిచేసే కాలేజీలో కంప్యూటర్ లాబులోకి చెప్పులతో రానివ్వరు. గడప బయట వాటికో చెక్క అర ఉంది. మొన్న ఒక సాయంత్రం సర్వరు ఆపి డిస్కు మార్చాల్సి వచ్చింది. ఆపేముందు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూద్దామని చిన్న ప్రోగ్రాం రాసి నడిపితే 23 పేర్లు ఇచ్చింది. తలుపు దగ్గరున్న అటెండరు ‘సార్, బయట 19 జతలే ఉన్నాయి’ అన్నాడు. లోపలికెళ్లి తలలు లెక్కపెట్టాను. చెప్పుల లెక్కే సరిపోయింది.

ఆ నాలుగు పేర్లు ఎక్కడివో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

‘ఇప్పుడు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారు?’ అన్న ప్రశ్నకు మొదట్లో జవాబు చాలా సులువు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను పలువురు ఒకేసారి వాడుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థను చూపించారు. యంత్రం ఒకటే కాబట్టి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు దానికి తెలియకుండా ఉండరు. 1971 నవంబరు నాటి, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తొలి మాన్యువల్‌లోనే ‘హూ’ అనే కమాండు ఉంది. అది చేసే పనల్లా ‘యూటీఎంపీ’ అనే ఫైలు చదవడం. లాగిన్ అయినప్పుడు అందులో పద్దు పడుతుంది, వెళ్లిపోతే చెరిగిపోతుంది. హాస్టల్ వాచ్‌మన్ పుస్తకం లాంటిదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ ‘ఫింగర్’ రాశాడు. అక్కడి జనం తెరమీది జాబితాలో పేర్ల వెంట వేలు పోనిస్తూ తమకు కావలసినవాళ్లను వెతుక్కునేవారట, అందుకే ఆ పేరు. మనిషి ఉన్నాడా, ఎంతసేపటి నుంచి కీబోర్డు ముట్టలేదు, ఎప్పుడు తిరిగొస్తాడు అన్నవి కూడా అది చెప్పేది. 1977లో దాన్ని నెట్‌వర్క్ మీద వాడే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 742 అనే పత్రంగా రాసిపెట్టారు. ఊరవతల యంత్రాన్ని కూడా ‘మీ దగ్గర ఎవరున్నారు?’ అని అడగవచ్చు, అదీ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. అడిగేవాడు దొంగ కావచ్చన్న ఆలోచన అప్పటికి ఎవరికీ పెద్దగా లేదు.

యంత్రాలు పెరిగేకొద్దీ పుస్తకాలూ పెరిగాయి, అన్నీ ఒకచోట లేవు. 1983లో వచ్చిన యునిక్స్ రకం 4.2 బీఎస్‌డీలోని ‘ఆర్‌హూ’ దీనికి చాటింపు పద్ధతి పట్టుకుంది. ప్రతి యంత్రమూ తన దగ్గరున్నవాళ్ల పేర్లను కొన్ని నిమిషాలకోసారి నెట్‌వర్క్ అంతటా కేకవేసి చెబుతుంది, మిగతావి విని రాసుకుంటాయి. అందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. గంటకు పైగా ఏమీ టైపు చేయని వాడుకరిని అది మామూలుగా జాబితాలో చూపదు. లాగిన్ అయి ఉండటం వేరు, కుర్చీలో ఉండటం వేరు అని ఆ రాసినవాళ్లకు అప్పుడే తెలుసు. నా ప్రోగ్రాంలో ఈ జాగ్రత్త లేదు. నాలుగింట్లో రెండు పేర్లు తెర లాక్ చేసి టీకి వెళ్లిన కుర్రాళ్లవి.

1988 నవంబరు 2న మోరిస్ వార్మ్ అనే, తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రాం వచ్చింది. అది చొరబడిన దారుల్లో ఫింగర్ సర్వరు ఒకటి. అడిగేవాడు పంపే ప్రశ్నకు 512 బైట్ల చోటు పెట్టి, ప్రశ్న అంతకంటే పొడవుందేమో చూసుకోలేదు, అలా పొంగిపోయిన భాగమే దానికి దారైంది. ఆ తర్వాత ఒక్కో సంస్థా ఫింగర్ తలుపు మూసుకుంటూ పోయింది.

మా లాబులో ఉన్నది విండోస్. ఖాతాలన్నిటినీ ఒకచోట చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ ఉంది కదా, ఎవరు ఎక్కడున్నారో దానికి తెలియదా అని కొత్తగా చేరినవాళ్లు తప్పకుండా అడుగుతారు. తెలియదు. తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇది చెప్పడం తేలిక. శ్రీనివాసంలోనో విష్ణు నివాసంలోనో దర్శనం టోకెన్ ఇచ్చిన కౌంటరుకు, టోకెన్ ఎవరికి ఇచ్చిందో తెలుసు. ఆ భక్తుడు ఇప్పుడు అలిపిరి మెట్ల మీద ఉన్నాడో, కొండమీద కంపార్ట్‌మెంటులో కూర్చున్నాడో, దర్శనం చేసుకుని రైలెక్కాడో తెలియదు. యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వరు, అంటే డొమైన్ కంట్రోలర్ కూడా, లాగిన్ అయినవాళ్లకు కెర్బెరోస్ టికెట్ అనే గుర్తింపు చీటీ ఇస్తుంది, మామూలుగా అది 10 గంటలు చెల్లుతుంది. ఇచ్చాక మనిషి వెంట నడవదు. విండోస్ సర్వర్ 2003తో వచ్చిన ‘లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్’ అనే చివరి లాగిన్ వేళ చూసి సరిపెట్టుకుందామంటే, అది రెండు వారాల దాకా పాతదై ఉండవచ్చు. వాడని ఖాతాలు ఏరడానికి పనికొస్తుంది కానీ ఈ సాయంత్రం సంగతి దానికి పట్టదు.

కాబట్టి ప్రోగ్రాం ఇల్లిల్లూ తిరగాల్సిందే. ‘నెట్‌సెషన్‌ఎనమ్’ అనే ఫంక్షన్‌తో ఫైల్ సర్వరును అడిగితే, దాని ఫోల్డర్లు తెరిచినవాళ్ల పేర్లు చెబుతుంది. పై అంతస్తులో తన గదిలో కూర్చుని మార్కుల ఫైలు తెరిచిన అధ్యాపకురాలి పేరు అలా వచ్చింది. ‘నెట్‌డబ్ల్యుకెస్టాయూజర్‌ఎనమ్’ ఒక్కో యంత్రాన్నీ అడుగుతుంది, అందుకు అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. అది మనుషులతో పాటు వాటంతటవే నడిచే ప్రోగ్రాంల (సర్వీసుల) లాగిన్లను కూడా కలిపి ఇస్తుంది. నాలుగో పేరు మా బ్యాకప్ ఖాతాది.

మొదటి ఫంక్షన్‌ను చాలాకాలం మామూలు ఖాతాతోనే పిలవగలిగేవాళ్లం. 2016లో బ్లడ్‌హౌండ్ అనే ప్రోగ్రాం వచ్చి, పెద్ద అధికారాలున్న ఖాతా ఏ యంత్రంలో తెరిచి ఉందో ఇలాగే ఆరా తీసి, అక్కడికి చేరే దారిని బొమ్మ గీసి చూపించింది. తర్వాతి విండోస్‌లలో మైక్రోసాఫ్ట్ ఆ తలుపు కూడా బిగించింది. పాత ప్రోగ్రాంలు ఈరోజు ‘యాక్సెస్ డినైడ్’ అంటున్నాయంటే చాలావరకు కారణం ఇదే.

ఈలోగా అదే ప్రశ్నను మన దేశంలో చట్టం కూడా అడగడం మొదలుపెట్టింది. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల వివరాల రిజిస్టరును కనీసం ఏడాది ఉంచాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం, ఎవరు ఎప్పుడు ఏం చేశారో యంత్రాలు రాసుకునే లాగ్‌లను 180 రోజులు దాచమంది. అయితే ఇవి నిన్నటి సంగతి చెబుతాయి. కరెంటు పోయి యంత్రం చటుక్కున ఆగితే వెళ్లిన వేళ అసలు నమోదే కాదు.

ఆ సాయంత్రం ప్రోగ్రాంలోంచి బ్యాకప్ ఖాతా పేరు తీసేశాను. పై అంతస్తుకు ఫోను చేసి, ‘మేడమ్, ఫైలు సేవ్ చేసుకుని మూసేయండి’ అన్నాను. టీకి వెళ్లిన ఇద్దరూ వచ్చి చెప్పులు విప్పారు. వాళ్లు పని దాచుకున్నాకే సర్వరు ఆపాను.