బియ్యం పావుకిలో, కూరగాయలు నాలుగు వందల గ్రాములు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశానికి కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్లు రోజుకు ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు తినాలని అందులో ఉంది. అంటే బియ్యం కంటే కూరగాయలే ఎక్కువ తూగాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. నలుగురికి అరకిలో బెండకాయలు వేయిస్తే మనిషికి 125 గ్రాములు. బెండకాయలో పదింట తొమ్మిది వంతులు నీరే కాబట్టి, వేపుడయ్యేసరికి అది గుప్పెడవుతుంది. ఆ గుప్పెడుతో పళ్లెం నిండా అన్నం కలుపుకుంటాం.

కూరగాయలు ఎక్కువ తినాలనగానే చాలామంది సలాడ్ల వైపు చూస్తారు. నాలుగు రోజులు తిని మానేస్తారు. నా ఉద్దేశంలో కొత్త వంటకమేదీ అక్కర్లేదు. రోజూ చేసే వంటల్లోనే పాళ్లు మారిస్తే చాలు.

పప్పుతో మొదలుపెట్టండి. కప్పు కందిపప్పుకు ఒక కట్ట తోటకూర వేసే అలవాటుంటే, మూడు కట్టలు వేయండి. తరిగిన ఆకు గిన్నె నిండిపోయినట్టు కనిపించినా మూతపెట్టిన ఐదు నిమిషాలకు అడుక్కి దిగిపోతుంది. రుచి చెడదు, పప్పు ఇంకాస్త కమ్మగా ఉంటుంది. ఆకు కడిగాకే తరగాలి. తరిగాక కడిగితే విటమిన్ సి, ఫోలేట్ లాంటివి నీళ్లలో కరిగిపోతాయి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, దానికి విటమిన్ సి తోడు కావాలి. అందుకే పప్పు దించాక నిమ్మకాయ పిండాలి. పొయ్యి మీద ఉండగా పిండితే ఆ వేడికి విటమిన్ కొంత పోతుంది. తిన్న వెంటనే టీ తాగినా ఇనుము సరిగ్గా పట్టదు, గంటసేపు ఆగడం మంచిది. తాలింపు నూనె గురించి మాత్రం భయపడకండి. ఆకుల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఒంట్లోకి చేరాలంటే కొంచెం కొవ్వు ఉండాలి, రెండు చెంచాల నూనె ఆ పని చేస్తుంది.

తర్వాత రోటి పచ్చళ్లు. దొండకాయ, బీరకాయ, దోసకాయ, వంకాయ, ఏదైనా పచ్చడికి పనికొస్తుంది. బీరకాయ చెక్కు తీసి పారేయకుండా నూనెలో వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, చింతపండు వేసి నూరితే పీచు మొత్తం పళ్లెంలోకే వస్తుంది. ఆవకాయనూ నిల్వ గోంగూరనూ మాత్రం ఈ లెక్కలో కలపకండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. బంగాళాదుంప వేపుడూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ బంగాళాదుంపను కూరగాయల లెక్కలోకే తీసుకోదు.

ముక్కల పులుసులో సొరకాయ, గుమ్మడికాయ, మునక్కాయ, బెండకాయ అన్నీ ఒకేసారి పడతాయి. పులుసు తగ్గించి ముక్కలు పెంచండి. ఉప్మాలో రవ్వ ఎంతో క్యారెట్, బీన్స్ అంత వేయొచ్చు.

వడ్డించుకునే వరసకు కూడా విలువుంది. కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత తింటే రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని షుగరున్నవాళ్ల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో తేలింది. పీచు ముందే కడుపులోకి చేరితే పిండిపదార్థం అరుగుదల నెమ్మదిస్తుంది. అందుకే సగం కూర ఉత్తిదే తిని, మిగతా సగంతో అన్నం కలుపుకోండి. అన్నం దానంతటదే తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే కూరగాయలు పెంచాలి, వాటిలోని పొటాషియం వాళ్లకు ఇబ్బంది కావచ్చు.

ఇదంతా జరగాలంటే సంచి పెద్దది కావాలి. నలుగురికి రోజుకు 1.6 కిలోలు, వారానికి 11 కిలోల పైనే. రైతు బజారు నుంచి తెచ్చాక ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో, బెండ, బీర, వంకాయలు వారం మధ్యలో వండేయండి. దోస, గుమ్మడి, కంద చివరిదాకా ఆగుతాయి.