జబ్బుతో ఉన్న పిల్లల ఫొటోలు: విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

"మిమ్మల్ని పిలిపించారంటే ఇక ఆశ లేదనేనా అండీ?"

వార్డు గుమ్మంలో ఒక తండ్రి నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఇది. ఆయన చేతిలో మందుల చీటీ, నా భుజానికి కెమెరా సంచి. ఆ ఉదయం నర్సు ఫోను చేసి, ఒక పాప ఉంది, ఇంట్లోవాళ్లు సరేనంటే ఫొటోలు తీస్తారా అని అడిగితే వెళ్లినవాణ్ణి. పాప జబ్బు పేరు కూడా నాకు తెలియదు. అదే మాట చెప్పాను. ఆయన నమ్మడానికి చాలాసేపు పట్టింది.

పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీసి బతుకుతున్నవాణ్ణి. కొన్నేళ్లుగా, తీవ్రమైన జబ్బులతో ఉన్న పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు డబ్బు తీసుకోకుండా ఫొటోలు తీసిపెడుతున్నాను. ఈ పని మీద కుటుంబాలకు కొన్ని అపోహలున్నాయి. నాతో వస్తామంటూ ముందుకొచ్చే తోటి ఫొటోగ్రాఫర్లకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

అపోహ: ఫొటోగ్రాఫర్ వచ్చాడంటే చివరి రోజులు వచ్చినట్టే

ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. పుట్టకముందే, లేదా పుట్టిన కొద్ది రోజులకే పోయిన బిడ్డల ఫొటోలు తీసివ్వడం ఒకటి. 2005లో అమెరికాలోని కొలరాడోలో మొదలైన "నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్" సంస్థ చేసేది ఆ పని. జబ్బుతో పోరాడుతున్న పిల్లల ఫొటోలు తీయడం రెండోది. 2001లో ఒహాయోలో మొదలైన "ఫ్లాషెస్ ఆఫ్ హోప్" క్యాన్సర్ ఉన్న పిల్లల కోసం పుట్టింది. ఆస్ట్రేలియాలోని "హార్ట్‌ఫెల్ట్" రెండు రకాల కుటుంబాల దగ్గరికీ వెళ్తుంది.

రెండో రకంలో కెమెరా ముందుకు వచ్చే పిల్లలు చాలామంది బతికి బయటపడతారు. చికిత్స సదుపాయాలు బాగా ఉన్న సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద, మధ్యాదాయ దేశాల్లో అది 30 శాతం లోపే. ఆ తేడా తెచ్చేది చికిత్స అందడమూ అందకపోవడమూను. మేము ఎవరి గదిలోకి ఎప్పుడు వెళ్లామన్నదానికీ దానికీ సంబంధం లేదు.

ఆ గుమ్మంలో ఆపిన తండ్రి కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది. ఆ రోజు తీసినవాటిలో తనకు నచ్చింది ఒక్కటేనట: నాన్న కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫొటో.

అపోహ: అందరి చేతుల్లోనూ ఫోన్లుండగా ఫొటోగ్రాఫర్ ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. అందుకే కెమెరా తీయడానికి ముందు, అభ్యంతరం లేకపోతే వాళ్ల ఫోనులో ఉన్న ఫొటోలు చూపించమని అడుగుతాను. రక్తపరీక్ష రిపోర్టు, మందుల చీటీ, డాక్టరుకు చూపించడానికి తీసిన దద్దుర్లు, వాటి మధ్యన పాప, మళ్లీ ఒక స్కానింగ్ కాగితం. వందల ఫొటోలుంటాయి. వాటిలో ఎవరు ఉన్నారని వెతకను. ఎవరు లేరని చూస్తాను. ఫోను పట్టుకున్న మనిషి ఎక్కడా ఉండదు. చాలా ఇళ్లలో ఆ మనిషి అమ్మే. నెలల తరబడి రాత్రీ పగలూ పక్కనే ఉన్నా, ఒక్క ఫొటోలోనూ ఆమె కనిపించదు. మహా అయితే గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి.

కనిపించని రెండో మనిషి అన్నో చెల్లో. జబ్బు మొదలైనప్పటి నుంచి వాళ్లు బంధువుల ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటారు. వార్డులోకి రానివ్వకపోతే వరండాలోనో, చెట్టు కిందో అందరినీ కలిపి తీస్తాను. నేను చేయగలిగిన మేలు ఏదైనా ఉంటే అందులో సగం ఇదే.

అపోహ: పిల్లలు నవ్వాలి

అక్కర్లేదు. "నవ్వు నాన్నా" అనే మాట నేను మానేసి చాలా కాలమైంది. నొప్పి మందు ఎన్నింటికి ఇస్తారో, దాని ప్రభావం ఎప్పటికి కనిపిస్తుందో నర్సును అడిగి ఆ వేళకు వెళ్తే చాలు. ఇరవై నిమిషాలు దాటితే బయటికి వచ్చేస్తాను, పిల్లవాడే ఆపితే తప్ప.

అపోహ: ట్యూబులూ మచ్చలూ కంప్యూటర్‌లో తీసేస్తే ఫొటో అందంగా ఉంటుంది

దీన్ని నేను గట్టిగా నమ్మినవాణ్ణి. మొదటి ఏడాది ఒక బాబు ఫొటోలో ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే పాల గొట్టాన్ని, చెంప మీద దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టరును రెండు గంటలు కూర్చుని చెరిపేశాను. ఆనవాలు కూడా మిగల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయి ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్లమ్మ చాలాసేపు చూసి, "బాగుందండీ" అంది. కాసేపాగి, "మరి ఇందులో వీడు పాలెలా తాగుతాడు?" అని అడిగింది.

ఆ గొట్టంలోంచి మూడేసి గంటలకొకసారి పాలు పట్టింది ఆమే. సిరంజి ఎంత ఎత్తులో పట్టుకోవాలో, గొట్టం సరైన చోటే ఉందో లేదో ఎలా చూసుకోవాలో నర్సు దగ్గర నేర్చుకుంది. రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచింది. నేను చెరిపేసింది ఆమె కష్టాన్ని. ఇంటికొచ్చి అసలు ఫైలు తెరిచి గొట్టాన్ని, ప్లాస్టరును తిరిగి ఉన్నచోట ఉంచి కొత్త ప్రింటు ఇచ్చాను. అసలు ఫైలు ఉండబట్టి సరిపోయింది.

అలాగని దాన్నే సూత్రంగా పెట్టుకోవడమూ తప్పే. తర్వాత మరో తల్లి, "ఆ గొట్టం లేని మొహం ఎలా ఉంటుందో నేనింతవరకూ చూడలేదండీ, తీసేయండి" అంది. తీసేశాను. అప్పటి నుంచి అడగకుండా గొట్టాలు, కుట్లు, రాలిన జుట్టు జోలికి వెళ్లను. అడిగితే రెండు ప్రతులూ ఇస్తాను. అడగకపోయినా సరిచేసేవి చాలా చిన్నవి: ఊడిన ప్లాస్టరు జిగురు, పెదవి మీద ఎండిన పొట్టు, వెనకాల కనిపించే చెత్తబుట్ట. స్టెరాయిడ్ల వల్ల ఉబ్బిన బుగ్గలను మాత్రం ఎవరడిగినా సన్నగా చేయను. చేస్తే అది మరో పిల్లవాడి మొహం అవుతుంది. ఇది నా మొండితనమే అనుకోండి.

అపోహ: మంచి ఫ్లాషూ ఖరీదైన లెన్సూ ఉంటే ఎక్కడైనా తీయొచ్చు

నెలలు నిండని పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టె, ఇంక్యుబేటర్, ముందు నిలబడితే ఈ నమ్మకం పోతుంది. దాని గోడ పారదర్శకమైన ప్లాస్టిక్కు. మీ తెల్ల చొక్కా, వెనకున్న కిటికీ, మానిటర్ లైట్లు అన్నీ అందులో ప్రతిబింబిస్తాయి. ప్రతిబింబాలు పోతాయి కదా అని పోలరైజర్ ఫిల్టరు పెడితే ప్లాస్టిక్కులో ఇంద్రధనుస్సు చారలు తేలే ప్రమాదం ఉంది. నల్ల చొక్కా వేసుకుని, నర్సు అనుమతితో లెన్సు చివర తొడిగే మెత్తటి రబ్బరు హుడ్డును ఆ ప్లాస్టిక్ గోడకు ఆనించి తీయడం ఉత్తమం. అది కూడా నెమ్మదిగా, తట్టినట్టు చప్పుడు కాకుండా. బయట చిన్న చప్పుడే లోపల పెద్దదై వినిపిస్తుంది.

కామెర్లకు నీలికాంతి చికిత్సలో ఉన్న బిడ్డయితే మొహమంతా నీలం. ఆ రంగును కంప్యూటర్‌లో ఎంత సవరించినా చర్మం రంగు తిరిగి రాదు. పాలు పట్టడానికి నర్సు ఆ లైటు ఆపి, కళ్లకు కట్టిన పట్టీ తీసే కొద్ది నిమిషాలే మనవి. దాని కోసం గంటసేపు గోడకు ఆనుకుని నిలబడగలగాలి. ఇంకొకటి: చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే కొన్ని రకాల ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటో నిండా అడ్డచారలు పడతాయి. గదిలోకి వెళ్లకముందే వరండా లైటు కింద ఒకటి తీసి చూసుకోవాలి.

ఫ్లాష్ వల్ల నెలలు నిండని పిల్లల కళ్లు పాడవుతాయా అని చాలామంది అడుగుతారు. అలాంటి పిల్లల్లో వచ్చే రెటీనా జబ్బు మీద 1998లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, కళ్లకు చేరే వెలుగును బాగా తగ్గించినా జబ్బు తగ్గలేదని తేలింది. అది గది వెలుగు మీద చేసిన పరిశోధనే, ఫ్లాష్ మీద కాదు. నా మటుకు నేను ఫ్లాష్ సంచిలోంచే తీయను. బిడ్డ ఉలిక్కిపడుతుంది, కష్టపడి పట్టిన నిద్ర పోతుంది, చాలా వార్డుల్లో నిషేధం కూడా.

అపోహ: మంచి మనసు ఉంటే చాలు

మంచి మనసుతో జలుబు కూడా తెచ్చేవాళ్లున్నారు. కీమోథెరపీలో తెల్ల రక్తకణాలు పడిపోయిన పిల్లవాడికి మన చిన్న దగ్గు పెద్ద ప్రమాదం. గొంతులో గరగర ఉన్నా ఫోను చేసి రాలేనని చెప్పేయాలి, ఎంతగా మాట ఇచ్చి ఉన్నా సరే. టీకాలు వేయించుకుని ఉండాలి. ఉంగరం, వాచీ ఇంట్లో వదిలి, చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. కెమెరాకున్న గుడ్డ బెల్టు ఊడదీయాలి, దాన్ని తుడిచి శుభ్రం చేయలేం కాబట్టి. కెమెరా ఒంటిని క్రిమిసంహారక తుడుపు కాగితంతో తుడవాలి, లెన్సు అద్దాన్ని మాత్రం దానితో ముట్టుకోకూడదు. మంచం మీద కూర్చోకూడదు. ఏ వైరు అడ్డొచ్చినా మనం జరపకూడదు, నర్సును అడగాలి.

అపోహ: ఉచితంగా తీశాం కాబట్టి మన పేజీలో పెట్టుకోవచ్చు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. డబ్బు తీసుకోకపోవడం వల్ల మనకు అదనంగా ఏ హక్కూ రాదు. పైగా ఐసీయూ బయట నిద్రలేని కళ్లతో ఉన్న తల్లిదండ్రులు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతారు, కాదంటే సాయం ఆగిపోతుందేమోనని. అందుకే ఫొటో తీయడానికి ఒక అనుమతి, బయట చూపించడానికి వేరే అనుమతి. రెండోది ఆ రోజు అడగను. వారాలు గడిచాక, కాదనడానికి తీరిక దొరికాక అడుగుతాను. ఇచ్చినదాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కాగితం మీదే రాసి ఉంటుంది.

పిల్లవాడి మాట కూడా లెక్కే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలంటుంది, 16వది వాళ్ల గోప్యతను కాపాడమంటుంది. ఒప్పందం సంగతి తెలియకుండానే నాకు దాన్ని నేర్పింది తొమ్మిదేళ్ల పిల్లవాడు. అరచెయ్యి అడ్డం పెట్టి "వద్దంకుల్" అన్నాడు. "ఒక్కటి తీయించుకో నాన్నా" అని వాళ్లమ్మ బతిమాలుతోంది. లెన్సు మూత పెట్టేసి కూర్చున్నాను. కాసేపటికి, "ఎంత బరువుంటుంది?" అన్నాడు. తుడిచి చేతికిచ్చాను. నలభై ఫొటోలు తీశాడు: సెలైన్ స్టాండు, నర్సు చెప్పులు, తన కాలి బొటనవేలు, వాళ్లమ్మ. సగానికి పైగా మసకగా వచ్చాయి. ఒక్కటీ తీసేయకుండా అన్నీ ఇచ్చాను. వాడి ఫొటో అందులో ఒక్కటీ లేదు.

ఇంట్లోవాళ్లకు ఇచ్చే ఫొటోల్లోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. మణికట్టు పట్టీ మీద పేరు, బోర్డు మీద జబ్బు వివరాలు, పక్క మంచం మీది మరో బిడ్డ, ఫైలులో దాగి ఉండే లొకేషన్ సమాచారం. బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిన ఫొటో అక్కడే ఆగదు.

అపోహ: పోయిన బిడ్డను ఫొటో తీయడం అసహజం

కెమెరా ఎంత పాతదో ఈ పని దాదాపు అంత పాతది. 1839లో డాగెరోటైపు అనే తొలినాటి ఫొటో పద్ధతి వచ్చిన కొన్నేళ్లకే యూరప్‌లో, అమెరికాలో చనిపోయిన పసిబిడ్డల చిత్రాలు తీయించుకునేవారు. చాలా ఇళ్లలో ఆ బిడ్డకున్న చిత్రం అదొక్కటే. ఇప్పటికీ అంతే: కొన్ని గంటలే బతికిన బిడ్డకు మరో ఫొటో ఎక్కడి నుంచి వస్తుంది? వద్దన్నవాళ్లను ఒప్పించే ప్రయత్నం మాత్రం చేయను. పెదవులు, చర్మం రంగు త్వరగా మారుతాయి కాబట్టి ఎక్కువగా నలుపు తెలుపులోనే ఇస్తాను. అరికాలు, చెవి, అమ్మ వేలి మీద బిడ్డ చెయ్యి. మొహం చూడలేనన్న తల్లికి ఇవి చాలాసార్లు సరిపోతాయి.

అపోహ: గుండె రాయి చేసుకోవాలి

నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. గదిలో కళ్లు చెమర్చినా ఎవరూ తప్పుపట్టలేదు. తప్పుపట్టేది "ధైర్యంగా ఉండండి" అన్నప్పుడే. వాళ్లకు లేనిది ధైర్యం కాదు.

అపోహ: ఫొటోలు ఇచ్చేస్తే పని అయిపోయినట్టే

తీసేటప్పుడే రెండు మెమరీ కార్డుల్లోకి వెళ్లేలా పెట్టుకుంటాను. ఇంటికొచ్చాక రెండు వేర్వేరు చోట్ల దాస్తాను, ఎన్నేళ్లయినా తీసేయను. ఈ ఫొటోలను మళ్లీ తీయలేం. కొన్ని కుటుంబాలు కవరు అందిన రోజే ఆల్బమ్ చేయించుకుంటాయి, కొన్ని అసలు తెరవవు. బాగున్నాయా అని ఫోను చేసి అడగకూడదు.

నాలుగేళ్ల కిందట కవరిచ్చిన ఒక తల్లి ఈ మధ్య ఫోను చేసింది. ఇంకా తెరవలేదట. "మీ దగ్గర మరో కాపీ ఉందా అండీ? తెరిచాక ఎక్కడైనా పాడు చేస్తానేమోనని" అంది. ఉందని చెప్పాను. సరేనని ఫోను పెట్టేసింది.